తిమ్మయ్య ఏడు ఘనతలూ, ఉజ్బెకిస్తానూ

కల్లూరులో తిమ్మయ్య ఇల్లు ఎక్కడని అడిగితే షేర్ ఆటోవాళ్లు వీధి చూపించే ముందు ఒక జాగ్రత్త చెబుతారు. "పనుంటేనే పోన్నా. ఊరికే పలకరిద్దామని పోతే మాపటికి గానీ బయటపడవు."

అందులో నింద ఏమీ లేదు. కోడుమూరు నేతగాళ్లలో తిమ్మయ్యంత నిండుగా బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే. ఆ బతుకును ఆయన ఏడు ఘనతలుగా పేర్చుకున్నాడు. కొడుకు చంద్రమోహన్ కర్నూలులో చీరల కొట్టు పెట్టి, కల్లూరులో ఇల్లు కట్టి తల్లిదండ్రులను తెచ్చుకున్నాక, మగ్గం లేని ఇంట్లో ఆ ఏడింటినీ వరుస తప్పకుండా చెప్పడమే ఆయనకు మిగిలిన పని. డెబ్బై దాటిన మనిషి, ఖాళీగా కూర్చోలేడు.

ఒకటో ఘనత బడిది. ఐదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు వస్తే, ఇరవయ్యో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, ఆయన చేతుల మీదుగా కొత్త పలక పుచ్చుకున్నాడు. ఊళ్లో ఆరో తరగతి లేకపోవడం వల్ల చదువు అక్కడ నిలిచింది గానీ, ఉండుంటే కలెక్టరయ్యేవాణ్నని ఆయన నమ్మకం. తండ్రి జ్వరపడితే మీసం మొలవని వయసులో ఒక్కడే గుంత మగ్గంలో దిగి చీర పూర్తిగా నేసి మగ్గం మీంచి దించడం రెండోది. మూడోది గద్వాల సంగతి. తరవాత చేనేత సంఘానికి మూడుసార్లు ప్రెసిడెంటు కావడం, ఢిల్లీ ప్రదర్శనలో ఆయన చీర చూసి ఒక పెద్దింటామె మాట పడిపోయి నిలబడటం, నేతగాళ్ల వీధి మలుపులో ఆర్టీసీ బస్సు ఆపించడం. చివరిది వరదది. తుంగభద్ర కర్నూలును ముంచిన ఏడాది ట్రాక్టరు నిండా పంచెలూ దుప్పట్లూ వేసుకొని బురదలో దిగిన మొదటి మనిషి తనే.

చెప్పడంలో ఆయనకొక నియమం ఉంది. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే ఆగిన చోట అందుకోడు. మళ్లీ పలక దగ్గర నుంచే. "గుడ్డలో తెగిన పోగుకు ముడేస్తే కనపడకుండా దాయొచ్చు. మాటలో ముడి కనపడ్తాది" అంటాడు. అందుకే ఆయన బస్సు ఆపిస్తున్న సమయంలో కుక్కరు కూత పెట్టబోతే, భార్య రామలక్ష్మమ్మ పరుగెత్తి స్టవ్ ఆర్పేసేది. అన్నం ఉడకకపోయినా ఫరవాలేదు, పలక మాత్రం మళ్లీ రాకూడదు.

ఇట్లాంటి ఇంట్లో మనవరాలు హర్షిణి ఇంటర్ అయ్యాక ఒక ఏడంతా కోచింగ్ హాస్టల్లో మగ్గి నీట్ రాసింది. ఫలితాలొచ్చిన పొద్దున ఫోన్ చూసుకొని, "క్వాలిఫై అయినా జేజినాయనా" అంది. తండ్రి తండ్రిని ఆ ఇంట్లో అట్లాగే పిలుస్తారు.

"అంటే పాసేనా?"

"పాసే. కానీ..."

ఆ 'కానీ' వెనక పెద్ద సంగతే ఉంది. పాసైనవాళ్లు లెక్కలేనంతమంది, సీట్లు కొన్ని, ర్యాంకును బట్టి విడతలు విడతలుగా పిలుస్తారు, హర్షిణిది గోడ మీద కూర్చున్న ర్యాంకు. అటు పడుతుందో ఇటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. తిమ్మయ్య అదేమీ వినలేదు. అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. పాస్ వేరు, సీటు వేరు అన్న మాట ఆయన కాలంలో లేదు. ఎక్కం అప్పజెప్పాడు, పలక చేతికొచ్చింది. నడుమ కౌన్సెలింగ్ ఏమీ జరగలేదు.

ఆ సాయంత్రానికి కోడుమూరు బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ లేచింది. తలుపంత సైజులో చేతులు జోడించిన తిమ్మయ్య, మూలన చిన్న గుండ్రంలో హర్షిణి. ఎవరి మెడలోంచో తీసి పాప మెడలో అతికించిన స్టెతస్కోపు. కింద అక్షరాలు: 'కర్నూలు పెద్దాసుపత్రి కాలేజీలో డాక్టరు చదవబోవు మా మనవరాలు చి. హర్షిణికి ఆశీస్సులు. ఇట్లు, మూడు పర్యాయములు సంఘం ప్రెసిడెంటు తిమ్మయ్య.'

మరుసటి రోజు నుంచి కోడుమూరు జనం కల్లూరుకు రాసాగారు. పసుపు రంగు కవర్లలో ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఒకామె అయితే సీసాలో పరీక్షకివ్వాల్సింది కూడా తెచ్చింది.

"అవ్వా, నేనింకా చేరనే లేదు" అని హర్షిణి చెబితే, గిడ్డమ్మ అనే ముసలావిడ మోకాలు ముందుకు చాపి కూర్చుంది. "చేరినాక నీకు తీరిక యాడుంటాది తల్లీ. ఇప్పుడే సూడు."

మొదటి విడత జాబితా వచ్చింది. హర్షిణి పేరు లేదు. "మొదటి బస్సు ఎప్పుడూ రద్దీనే" అన్నాడు తిమ్మయ్య. రెండో విడత వచ్చింది. అందులోనూ లేదు. ఈసారి ఆయన బస్సు సంగతి ఎత్తలేదు. మూడో విడత ఎప్పుడో ఇంకా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు హర్షిణి అన్నం ముందర కూర్చొని ఉజ్బెకిస్తాన్ మాట తీసింది. అక్కడి ఒక యూనివర్సిటీ ఆమె మార్కులు చూసి సీటిస్తామని చెప్పింది. శనివారం లోపల ఔనో కాదో తేల్చాలి. ఔనంటే ఆరేండ్ల చదువు. కాదంటే ఆ బ్యాచ్ పోయినట్టే.

"ఈడ మూడో విడత ఉండాది కదా" అన్నాడు తిమ్మయ్య.

"ఉండాది. అది వచ్చేసరికి ఆడ తలుపు మూస్తారు. ఈడ కూడా రాకపోతే మళ్లా అదే కోచింగ్ హాస్టల్. ఇంగో ఏడు ఆడుంటే డాక్టరు కాదు జేజినాయనా, నేను పేషెంటైతా."

"బస్టాండులో ఫ్లెక్సీ మీద ఏముండాదో నీకు గుర్తుండాదా?"

"ఫ్లెక్సీ చూసి సీటియ్యరు."

చంద్రమోహన్ ఒకసారి కూతురి వైపు, ఒకసారి తండ్రి వైపు చూసి, సాంబారులో వేలు తిప్పుతూ, "నాయన సరేనంటేనే నేను సంతకం పెడ్తా" అన్నాడు. ఆయన పెళ్లి, కొట్టు, ఇల్లు అన్నీ ఆ మాట మీదే జరిగాయి. కొత్త పద్ధతి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు.

తిమ్మయ్య సరేనని అనలేదు. అనకపోవడానికి ఆయనకు దూరం మీద భయం లేదు, చలి మీద భయం లేదు. కోడుమూరుకు పోయి, టీ అంగడి ముందర శేషన్న అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలి. అదొక్కటే భయం. శేషన్న ఆయన ఈడువాడు, సంఘం ఎన్నికల్లో మూడుసార్లూ ఆయన చేతిలో ఓడినవాడు. అట్లాంటివాడికి ఒక ప్రశ్న దొరికితే ఊరుకుంటాడా.

"ఆ విదేశాల చదువుకు పంపించేటోళ్లది అంతా మోసం. నేనే పోయి బయటపెడ్తా" అన్నాడు.

గురువారం కర్నూలులో ఒక హోటల్ పై అంతస్తులో వాళ్ల సమావేశం ఉంటే, కొడుకును వెంటబెట్టుకొని పోయాడు. కుర్చీల నిండా తల్లిదండ్రులు. కొందరు మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర నుంచి కూడా వచ్చారు. మాట్లాడే మనిషి పేరు యేసుప్రసాద్. మైదుకూరు వైపువాడు. టై కట్టుకున్నాడు గానీ మాటకు కట్టలేదు. సభలో అందరికంటే పెద్దాయన ఎవరా అని చూసి, తిమ్మయ్యను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు.

తిమ్మయ్య ఇరకాటంలో పడ్డాడు. శాలువా కప్పించుకున్నాక కప్పినవాడిని అదే వేదిక మీద తప్పుపట్టకూడదు. సంఘం ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్లూ ఆయన ఆ మర్యాద పాటించాడు. అది తెలిసి, ఆయనతో పేచీ ఉన్న ప్రతివాడూ ముందు శాలువా కొనుక్కొని వచ్చేవాడు. ఇప్పుడు అదే గతి పట్టింది. ఆయన శాలువా కొస రెండు వేళ్ల నడుమ పెట్టి నలిపాడు. మొహం వెలిగింది. మైకు అందుకున్నాడు.

"ఇది మిల్లు గుడ్డ. మగ్గం మీద నేసింది కాదు. కాబట్టి నాకు శాలువా కప్పినట్టు కాదు. నేను అడగాల్సింది అడుగుతా."

సభ నవ్వింది. చంద్రమోహన్ తల వంచుకున్నాడు. అడగడానికి ముందు అడిగేది ఎవరో తెలియాలి కాబట్టి, తిమ్మయ్య పలక దగ్గర మొదలుపెట్టాడు. సంఘం దాకా వచ్చేసరికి యేసుప్రసాద్ వినయంగా, "చాలా సంతోషం పెద్దాయనా" అన్నాడు. పాపం, ఆయనకు నియమం తెలియదు. మళ్లీ పలక. ఢిల్లీ దాకా పోయాక మైకు కీచుమంది. మళ్లీ పలక. మంగంపేట నుంచి వచ్చిన దంపతులు కిందికి పోయి టీ తాగి వచ్చేసరికి, ఇన్‌స్పెక్టరు ఇంకా ఎక్కాలు అడుగుతూనే ఉన్నాడు. వాళ్లు తాము పోయినట్టు ఎవరూ గమనించలేదనుకున్నారు.

చివరకు వరద తీసింది. ప్రశ్నలు వచ్చాయి.

"ఆడ డాక్టర్లు కరువా, మన పిల్లోళ్లను పిలుస్తాండారు?"

"కరువేం లేదు పెద్దాయనా. ఆడ సీట్లుండాయి, ఈడ పిల్లోళ్లుండారు."

"చదివొస్తే ఈడ డాక్టరేనా?"

"వచ్చినంత మాత్రాన కాదు. బయట చదివినోళ్లకు ఈడ మళ్లా పరీక్ష పెడ్తారు. అది గట్టెక్కల్ల. ఆమీద మన ఆసుపత్రిలో ఒక ఏడు పనిచేయల్ల."

"అందరూ గట్టెక్కుతారా?"

 ముందువరసలో తల్లులు యేసుప్రసాద్ నోటి వైపే చూస్తున్నారు. "లేదు. శానామంది తప్పుతారు. ఆడ ఆరేండ్లు సినిమాలు చూసి వచ్చినోళ్లు అస్సలు గట్టెక్కరు. చదివినోళ్లు గట్టెక్కుతారు. అబద్ధం చెప్పి పంపించను."

మోసం పట్టుకుందామని వచ్చినవాడికి నిజం చేతికిస్తే ఏం చేస్తాడు. తిమ్మయ్యకు చేపల కోసం వల వేసి ఇటుక పైకి లాగినట్టయింది. ఇంకేమీ తోచక, "ఆ దేశంలో ఏం పండుతాది?" అని అడిగాడు.

"పత్తి పెద్దాయనా. శానా. పట్టు కూడా నేస్తారు."

 తిరుగు ఆటో కల్లూరు మలుపు తిరుగుతుంటే తిమ్మయ్య, "పత్తంట" అన్నాడు, ఎవరికీ కాకుండా. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని, కంచం ముందర కూర్చొని తీర్పు చెప్పాడు. "మంచోడే. దేశమూ మంచిదే. కానీ మన పాప కర్నూల్లోనే చదువుతాది. చోటు ఖాళీ అయ్యేదాకా కూసుంటే తప్పేముండాది? పెద్దోళ్లం, నిమ్మళంగా కూసోవాల."

హర్షిణి లేచింది. గదిలోకి పోయి తలుపు మూసుకుంది. ఆ చప్పుడుకు రామలక్ష్మమ్మ మొగుడి వైపు చూసి, కంచంలో రెండో రొట్టె వేయకుండానే లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున తిమ్మయ్య వరండాలో పేపరు చదువుతుంటే హర్షిణి వచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ మాట నిలకడగా ఉంది.

"జేజినాయనా, ఇంగ నేను యాడికీ పోను కదా. నీ ఏడు సంగతులు నేర్చుకుంటా. నీ తర్వాత చెప్పేటోళ్లు ఉండల్ల కదా."

ఆ మాటకు తిమ్మయ్య పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లు ఒక్కరూ ఇట్లా అడగలేదు. "చెప్పు" అన్నాడు, సర్దుకొని కూర్చొని.

హర్షిణి మొదలుపెట్టింది. పలక, ఎక్కాలు, ఇన్‌స్పెక్టరు కోటు రంగుతో సహా ఒక్క పొల్లు పోకుండా చెప్పింది. తండ్రి జ్వరం, గుంత మగ్గం, దించిన చీర కూడా అయ్యాయి. ముసలాయన కళ్లు మూసుకొని పాట వింటున్నట్టు తల ఊపుతున్నాడు.

"మూడోది. మా జేజినాయనకు పదిహేడేండ్లప్పుడు, పట్టు అంచు చీర నేసేది నేర్చుకోవాలని ఊర్లో పెద్ద మగ్గాలోళ్ల దగ్గరికి పోతే, ఈడ చోటు లేదు, ఉండేటోళ్లకే చాల్లేదు, వచ్చే ఏడు చూస్తాం అన్యారు. అప్పుడు మా జేజినాయన..."

ఆగింది. చెంబులో నీళ్లు తాగింది. గోరు చూసుకుంది.

తిమ్మయ్య కళ్లు తెరిచాడు. "ఊఁ?"

"మర్చిపోయినా. అప్పుడేం జేసినావు? చోటు ఖాళీ అయ్యేదాకా నిమ్మళంగా కూసున్యావా?"

"నేనేంటికి కూసుంటా? కూసునేదానికి నాకేం రోగమా? తుంగభద్ర దాటి గద్వాలకు పోయినా. మా నాయన యేరు దాటినోడు ఎనక్కి రాడన్యాడు. వచ్చినా. నేర్చుకోనే వచ్చినా. వస్తే ఈ పెద్దోళ్లు ఏమన్యారు? బయట నేర్చినోని పని మాకు నమ్మకం లేదు, మా కండ్ల ముందర నేసి చూపించు అన్యారు. శేషన్నగాని నాయన నా పక్కనే కుర్చీ ఏసుకోని కూసున్యాడు, యాడ తప్పు బడతానా అని. ఒళ్లు నూలు, అంచు పట్టు, రెంటినీ మగ్గం మీదనే కలపల్ల. మొదటి చీరలో తప్పు దొరికింది. ఇంగోటి నేసినా. దాన్ని తిరగేసి మరగేసి చూసి, గద్వాలోడా, ఇంగ నువ్వు మావోడివే అని..."

అక్కడ ఆయన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది.

లోపల్నుంచి రామలక్ష్మమ్మ గొంతు వచ్చింది. "ఆపినావేంది? ఇంగా నాలుగుండాయి."

అడ్డం వచ్చారు కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. తిమ్మయ్య పలక ఎత్తుకున్నాడు. తండ్రికి జ్వరం తెప్పించాడు. పెద్దవాళ్లు చోటు లేదన్నారు. అక్కడ మళ్లీ నాలుక తిరగలేదు. మనవరాలి మొహం చూడకుండా, ముచ్చటగా మూడోసారి ప్రయత్నించాడు. ఈసారి ఇన్‌స్పెక్టరు కూడా తొందరగా వెళ్లిపోయాడు. గద్వాల దగ్గరికొచ్చేసరికి ఆయన మాట మళ్లీ తెగింది. యాభై ఏళ్లుగా ఊరందరికీ చెప్పిన మాట ఆయన చెవిన పడటం అదే మొదలు.

"కోచింగోళ్లు నీకు ఇదే నేర్పించినారా?" అన్నాడు చివరికి.

"లేదు జేజినాయనా. ఇది నువ్వే నేర్పించినావు. రోజూ."

"మొదటి చీరలో తప్పు దొరికిందని చెప్పినా కదా. దాన్ని గుర్తు పెట్టుకో. నీకు కూడా దొరుకుతాది. అప్పుడు ఏడుస్తా కూసోకూడదు."

"ఇంగోటి నేస్తా."

 తిమ్మయ్య లోపలికి కేకేశాడు. "చంద్రమోహనూ. కొట్టు తర్వాత తెరుద్దువు గానీ, ముందు ఆ సంతకం యాడ పెట్టాల్నో చూసి పెట్టు."

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఈసారి దాన్ని ఎవరూ ఆపలేదు.

ఆదివారం ఆయన ఒక్కడే కోడుమూరు బస్సెక్కాడు. ఫ్లెక్సీ విప్పించి చుట్ట చుట్టుకొని వచ్చేద్దామని ఆలోచన. బస్సు దిగి చూస్తే సరిగ్గా దాని నీడలోనే బల్ల వేసుకొని శేషన్న టీ తాగుతున్నాడు.

"ఏమప్పా తిమ్మయ్యా. పాప కర్నూల్లో చేరిందా?"

"లేదప్పా. ఉజ్బెకిస్తాన్ పోతాంది. డాక్టరు చదువుకే."

శేషన్న గ్లాసు కింద పెట్టాడు. "ఈడ సీటు రాలేదా?"

ఇదే ఆ ప్రశ్న. ఇది తప్పించుకోవడానికే ఆయన మనవరాలి బతుకును ఒక ఏడు కోచింగ్ హాస్టల్లో తాకట్టు పెట్టబోయాడు. టీ అంగడిలో నలుగురూ చూస్తున్నారు. పైనుంచి తలుపంత తిమ్మయ్య చేతులు జోడించి చూస్తున్నాడు.

"రాలేదు" అన్నాడు తిమ్మయ్య.

ఆకాశం కూలలేదు. అంగడివాడు ఆయనకొక టీ పోశాడు. శేషన్న గడ్డం గీక్కొని, "అయితే మీ ఇంట్లో రెండో గద్వాలోడు తయారైనాడు" అన్నాడు.

"గద్వాలోడు కాదు. పాప."

"ఏదైతేనేం. మా నాయన లేడు గానీ, పాప తిరిగొచ్చినాక ఆయన కుర్చీలో నేను కూసుంటా. ముందు నా బీపీ చూడమను. తప్పు చూస్తే ఒప్పుకోను."

"అప్పటిదాకా నువ్వుంటే కదా."

"పరీక్ష పెట్టాల్నంటే ఉండక తప్పదు కదప్పా."

ఫ్లెక్సీని ఆయన విప్పించలేదు. దుడ్లు పోసి వేయించింది, ఊరికే పారేయడం దేనికని, 'కర్నూలు పెద్దాసుపత్రి కాలేజీలో' అన్నచోట ఒక తెల్లటి పట్టీ అతికించి ఉజ్బెకిస్తాన్ అని రాయించాడు. పట్టీ కొంచెం వంకరగా కూర్చుంది. ముడి కనబడుతూనే ఉంది. అట్లాగే ఉండనిమ్మన్నాడు.

హర్షిణి పోయింది. మూడో విడత జాబితా వచ్చిన రోజు చంద్రమోహన్ ఆ ర్యాంకుకు సీటు వచ్చుండేదా అని ఫోన్లో చూడబోతే, తిమ్మయ్య ఆ ఫోన్ తీసుకొని తన బనియను జేబులో పెట్టుకున్నాడు. "గద్వాల రైలెక్కినాక నేను ఊర్లో చోటు ఖాళీ అయిందా అని అడగలేదు" అన్నాడు.

ఇప్పుడు ఆయన ఘనతలు ఎనిమిది. వరద దాటాక కొత్తది మొదలవుతుంది: "నా మనవరాలు పత్తి పండే దేశానికి పోయింది. చదువుతాంది." అంతే. ఆ తరవాత ఏమీ లేదు. మిగిలిన ఏడింట్లో ఎవరైనా ఆపితే ఆగేవాడు, ఇందులో తనంతట తానే ఆగుతాడు. వినేవాళ్లు ఇంకేమైనా ఉందేమోనని చూస్తారు.

"ఇది ఇంగా మగ్గం మీదనే ఉండాది" అంటాడు. "దించినాక చెప్తా. మళ్లా రా."